75 పాయింట్లు ఉన్నాయి, లోన్ తీసుకుని వచ్చేయమంటారా?

గుంటూరు సోదరుడు ఒకరు అడిగారు. వయసు 31, బీటెక్ కంప్యూటర్ సైన్స్, హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లుగా టెస్టింగ్ ఉద్యోగం. ఆస్ట్రేలియా పీఆర్‌కి (శాశ్వత నివాస వీసాకి) తన లెక్కలో 75 పాయింట్లు వచ్చాయట. కావలసింది 65 కాబట్టి పని అయిపోయినట్టే అనుకుంటున్నారు. పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం ఉద్యోగం మానేయనా, ఖర్చులకు పర్సనల్ లోన్ తీసుకోనా అన్నది సందేహం.

ముందు లెక్క చూద్దాం. వయసుకి 30, డిగ్రీకి 15, ఇంగ్లిష్‌కి 10, భార్య ఇంగ్లిష్‌కి 5 వేసుకున్నారు, బాగుంది. అనుభవానికి 15 వేసుకోవడం దగ్గరే తేడా వచ్చింది. ఐటీ వాళ్ల అర్హతలు పరిశీలించే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, చదువూ ఉద్యోగమూ బాగా కలిసినా సాధారణంగా రెండేళ్లు కోసేస్తుంది. మిగిలేవి ఆరేళ్లు, వాటికి 10 పాయింట్లే. అంటే మీకున్నవి 70.

నేను బోర్లా పడింది కూడా ఇక్కడే. ఆ సొసైటీ లేఖ రాగానే 'సూటబుల్' అన్న మాట వరకు చదివి ఆఫీసులో స్వీట్లు పంచేశాను. మెల్‌బోర్న్‌లో ఉన్న స్నేహితుడు "కింది పేరా చదివావా?" అన్నాడు. ఫలానా నెల తర్వాతి అనుభవమే లెక్కలోకి వస్తుందని అక్కడ స్పష్టంగా ఉంది. నేనేమో ఈఓఐలో, అంటే వీసాకి పిలవమని ముందుగా పెట్టుకునే ఆసక్తి పత్రంలో, మొత్తం సర్వీసు చూపించేశాను. ఇంకా పిలుపు రాలేదు కాబట్టి దిద్దుకున్నాను. పిలుపొచ్చి, వీసాకి దరఖాస్తు చేశాక బయటపడి ఉంటే వీసా పోయేది, లక్షల్లో కట్టిన ఫీజూ తిరిగొచ్చేది కాదు. మా కన్సల్టెన్సీ అతను మాత్రం "ఏం కాదు సార్" అన్నాడు. పోయేది అతని డబ్బు కాదుగా!

65 ఉంటే లైన్లో నిలబడనిస్తారు, అంతే. పాయింట్లు ఎక్కువున్నవాళ్లను ముందు పిలుస్తారు. సమానంగా ఉంటే ఆ స్కోరుకి ముందు చేరినవాళ్లకే అవకాశం. నర్సులకు, టీచర్లకు తక్కువ స్కోరుతోనే పిలుపులు వచ్చాయి కానీ, మన సాఫ్ట్‌వేర్ జనానికి 70తో ఆశ పెట్టుకోవడం దండగ. ఏ రౌండులో ఎంతకు పిలిచారో వీసాలు చూసే ఆస్ట్రేలియా ప్రభుత్వ శాఖ హోం అఫైర్స్ సైట్‌లో చూసుకోండి.

రెండేళ్లు ఆగితే అనుభవానికి 15 వస్తాయిగా అంటారేమో. వస్తాయి. అప్పటికి మీకు 33 నిండి వయసు పాయింట్లు 25కి దిగుతాయి. ఇక్కడ పెరిగిన ఐదు అక్కడ పోతాయి.

కాబట్టి ఇంగ్లిష్ మీద పడండి. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 8, లేదా పీటీఈలో దానికి సమానమైన స్కోరు వస్తే 10 బదులు 20. దానికోసం ఉద్యోగం మానేయడమెందుకు, తెల్లవారుజామున లేచి చదివినవాళ్లం మేమంతా. ఇంకో ఐదు పాయింట్లు తెలుగే ఇస్తుంది. అనువాదకులకు పరీక్షలు పెట్టే 'నాటి' (NAATI) అనే సంస్థ నిర్వహించే సీసీఎల్ పరీక్ష తెలుగులోనూ ఉంది. ఇద్దరి సంభాషణ వింటూ అటూ ఇటూ అనువదించాలి. మాతృభాషే కదా అని తయారవకుండా వెళ్తే మాత్రం బ్యాంకు, కోర్టు, ఇన్సూరెన్సు సంభాషణల్లో సగం వివరాలు జారిపోతాయి.

ఇక అసలు సంగతి, డబ్బు. పాయింట్లు చూసి ప్రభుత్వం పిలుస్తుంది. ఉద్యోగం ఇచ్చేవాడికి ఆ స్కోరుతో పనిలేదు, "లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అంటాడు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు పేస్లిప్పులు అడుగుతారు. నా దగ్గర రెండూ లేవు. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గది తీసుకుని, రాత్రిళ్లు వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దాను. పగలు ఇంటర్వ్యూలు. పాలు కొన్నా రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఊళ్లో నడుస్తున్న లోన్ ఈఎంఐ. జీతం లేని నెలల్లో కూడా ఐదో తేదీ ఠంచనుగా వచ్చేది. పీఆర్ ఉంది కదా, నిరుద్యోగ భృతి ఇస్తారనుకోకండి. కొత్తగా వచ్చినవాళ్లు దానికి సాధారణంగా నాలుగేళ్లు ఆగాలి. అయినా నెట్టుకొచ్చాను, ఈరోజు సొంతింట్లో కూర్చుని మీకు సలహాలిస్తున్నాను.

అందుకే లోన్ మాత్రం వద్దు. జీతం లేకపోయినా ఇద్దరూ ఆరేడు నెలలు బతికేంత సొమ్ము చేతిలో ఉంటేనే టికెట్ కొనండి. మొదట మీరొక్కరే వచ్చి, ఉద్యోగం దొరికాక ఆవిడని పిలిపించుకున్నా తప్పులేదు. రీజనల్ ప్రాంతాల్లో (పెద్ద నగరాలు కొన్ని మినహా మిగతా చోట్ల) ఉండటానికిచ్చే తాత్కాలిక 491 వీసాని చిన్నచూపు చూడకండి. రాష్ట్రం నామినేట్ చేస్తే 15 పాయింట్లు కలుస్తాయి. మూడేళ్లు రీజనల్ ప్రాంతంలో ఉండి పనిచేశాక పీఆర్‌కి వెళ్లొచ్చు. అడిలైడ్, పెర్త్ కూడా రీజనల్ కిందకే వస్తాయి.

ఒక్కచోట పొదుపు పనికిరాదు. ఆవిడ చేత ఇంగ్లిష్ పరీక్ష ఇప్పుడే రాయించండి. మీరు వేసుకున్న ఐదు పాయింట్లు ఆ స్కోరు చేతికొస్తేనే మీవి. ఆవిడకి కనీస ఇంగ్లిష్ ఉన్నట్టు రుజువు లేకపోతే, వీసా ఇచ్చే ముందు రెండో విడత ఫీజని ఇంకొన్ని వేల డాలర్లు కట్టమంటారు.