అమ్మేసిన బుల్లెట్, మారని ఆర్‌సీ, మీరు తెరిచి చూడని పాలసీ

ప్రశ్న: 2019 అక్టోబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొత్త బండి షోరూంలో కొన్నాను. చిన్నప్పటి నుంచి ఆ పాతకాలపు ఆకారమన్నా, ఒంటి సిలిండర్ ఇంజను చప్పుడన్నా నాకు ప్రాణం. మొదటి ఏడాది తర్వాత ఇన్సూరెన్సు రెన్యువల్ చేయించలేదు. 2023 జూన్‌లో మా అమ్మగారి ఆపరేషన్ కోసం గుండె రాయి చేసుకుని, కాకినాడలో ఉండే ఒక పరిచయస్థుడికి లక్షా పది వేలకు అమ్మేశాను. డబ్బు ఫోన్‌పేలో పంపాడు. ఆర్‌సీతో పాటు, పేరు మార్పుకు కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి ఇచ్చాను కానీ అతను పేరు మార్పించుకోలేదు. 2024 ఆగస్టు 11న అతని మేనల్లుడు, పందొమ్మిదేళ్ల కుర్రాడు, ఆ బండి నడుపుతూ రోడ్డు దాటుతున్న వ్యక్తిని గుద్దాడు. ఆయనకు కాలు తీసేశారు. 2025 మార్చిలో ఆయన 22 లక్షలు కోరుతూ ఆ కుర్రాడి మీద, నా మీద క్లెయిమ్ వేశాడు. ఇన్సూరెన్సు లేదని పోలీసులు చార్జిషీటులో రాశారు. అందుకు నాకు విడిగా సమన్లు వచ్చాయి. రెండు వేలు జరిమానా కట్టేస్తే పోతుందని కోర్టు దగ్గర చెబుతున్నారు. కొన్నవాడు పాత తేదీతో అమ్మకం కాగితం రాసిస్తానంటున్నాడు. ఆరు నెలలు దాటాక వేసిన కేసు చెల్లదని ఒక మిత్రుడు అన్నాడు. అమ్మిన బండికి నేనెందుకు బాధ్యుణ్ణి అవుతాను?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం బండి మీద మీకున్న ప్రేమకూ, అమ్మక తప్పని పరిస్థితికీ పోయింది. వాటిలో దేన్నీ మీ మీద వేసిన క్లెయిమ్‌ను విచారించే ట్రిబ్యునల్ పరిగణనలోకి తీసుకోదు. కేసును తేల్చే సంగతిని మీరు మొదటి వాక్యంలోనే రాసి, దాని విలువ గమనించకుండా దాటిపోయారు. 2019 అక్టోబరులో, షోరూంలో, కొత్త బండి కొన్నారు.

కొత్త ద్విచక్ర వాహనానికి అమ్మేటప్పుడే అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి) తీసుకోవాలని సుప్రీంకోర్టు 2018 జూలై 20న ఆదేశించింది. అది 2018 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. మీరు బండి కొన్నది ఆ తర్వాతే కనుక, షోరూంవారు మీ చేత కట్టించిన ప్రీమియంలో అయిదేళ్ల థర్డ్ పార్టీ భాగం తప్పక ఉండాలి. ఏడాదితో ముగిసింది మీ సొంత బండికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం మాత్రమే. ఏటా రెన్యువల్ చేయించమని ఫోన్లు వచ్చేది దాని కోసమే. పాలసీ మొదటి పేజీలో కాలపరిమితి అన్నచోట రెండు వరుసలు ఉంటాయి. సొంత నష్టం ఎదురుగా 2019 నుంచి 2020 వరకు, థర్డ్ పార్టీ ఎదురుగా 2019 నుంచి 2024 వరకు తేదీలు కనబడతాయి. ప్రమాదం జరిగినది 2024 ఆగస్టు 11న. పాలసీ అక్టోబరులో మొదలై ఉంటే ఆనాటికి ఇంకా దాదాపు రెండు నెలల గడువు మిగిలే ఉంది. 22 లక్షలు మీ ఇంటి మీదికి వస్తాయా, ఇన్సూరెన్సు కంపెనీ మీదికి పోతాయా అన్నది ఆ రెండో వరుస తేలుస్తుంది. అయిదేళ్లకు డబ్బు కట్టి, పాలసీని ఒక్కసారైనా చదవకుండా, లేదని పోలీసులు రాస్తే లేదనే నమ్మి కూర్చోవడం మీ అజాగ్రత్తల్లో మొదటిది.

రెండోది అంతకంటె పెద్దది. అమ్మిన బండికి నేనెందుకు బాధ్యుణ్ణని అడిగారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే యజమాని. డబ్బు చేతులు మారినా, తాళాలు ఇచ్చేసినా, మూడో మనిషికి నష్టం కలిగినప్పుడు చట్టం చూసేది ఆర్‌సీలోని పేరునే. చేతులు మారుతూ పోయిన ఒక కారు విషయంలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఈ మాటనే స్థిరపరిచి, గాయపడిన మనిషి ఒకరి తర్వాత ఒకరుగా కొన్నవాళ్లను వెతుక్కుంటూ తిరగనక్కరలేదని చెప్పింది. సెక్షన్ 50 ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు పద్నాలుగు రోజుల్లోగా ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవాడిది. ముప్పై రోజుల్లోగా పేరు మార్పించుకోవలసిన బాధ్యత కొన్నవాడిది. ఫారం 29 ఉన్నదే మీరు పంపడానికి. దాన్ని సంతకం చేసి కొన్నవాడి చేతికిచ్చి, అతను ఎప్పుడో ఒకప్పుడు వెళతాడులే అని ఊరుకున్నారు. ఆనాడే రిజిస్టర్డ్ పోస్టులో ఒక ప్రతి పంపి రశీదు దాచుకుని ఉంటే, ఈరోజు కనీసం చూపించుకోవడానికి ఒక కాగితం ఉండేది. కనుక అమ్మేశాను కాబట్టి వదిలేయండి అన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి.

అయితే బండి కాకినాడ వెళ్లినంత మాత్రాన పాలసీ చచ్చిపోలేదు. వాహనం బదిలీ అయితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా దానితో పాటే బదిలీ అయినట్టు భావించాలని సెక్షన్ 157 చెబుతుంది. పైగా మీ విషయంలో ఆర్‌సీ, పాలసీ రెండూ మీ పేరునే ఉన్నాయి. అమ్మేసిన లారీ రిజిస్ట్రేషన్ పాత యజమాని పేరునే ఉండి, ఇన్సూరెన్సు కూడా అతని పేరునే నడుస్తున్నప్పుడు, మా పాలసీదారు ఇప్పుడు యజమాని కాడు అంటూ కంపెనీ తప్పించుకోలేదని పుష్పా వర్సెస్ శకుంతల కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. మీ నిర్లక్ష్యమే ఇక్కడ మీకు అక్కరకు వస్తోంది, అంతే తప్ప అది మీ తెలివి కాదు.

ఇక గట్టిగా చెప్పవలసిన మాట. క్రిమినల్ కోర్టులో రెండు వేలు కట్టి పని ముగించుకోమన్న సలహాను దయచేసి వినకండి. సెక్షన్ 196 కింద ఇన్సూరెన్సు లేకుండా బండి నడపనిచ్చానని మీరు నేరం ఒప్పుకుని జరిమానా కట్టిన మరుక్షణం, ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ ఇన్సూరెన్సు కంపెనీ న్యాయవాది చేతిలో ఆయుధమవుతుంది. పాలసీ లేదని మీరే కోర్టులో ఒప్పుకున్నారు కదా అని ట్రిబ్యునల్‌లో అడుగుతారు. ఒప్పుకోలుకు ఎన్ని సంజాయిషీలు చెప్పుకోవచ్చు గానీ, రెండు వేల కోసం 22 లక్షల సంజాయిషీ ఎందుకు? ఆ వాయిదాకు న్యాయవాదితో వెళ్లి నేరం ఒప్పుకోనని చెప్పండి. పాలసీ ప్రతి చేతికి రాగానే అక్కడ దాఖలు చేయండి; ప్రమాదం నాటికి థర్డ్ పార్టీ పాలసీ అమలులో ఉంటే ఆ అభియోగం నిలవదు.

పాత తేదీతో అమ్మకం కాగితం రాయించుకునే ఆలోచన దానికంటె హీనమైనది. స్టాంపు కాగితం ఏ రోజున ఎవరికి అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది, దాని మీదా ఉంటుంది. దొంగ పత్రం సృష్టించడం, దాన్ని అసలుదిగా కోర్టులో వాడడం భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద నేరాలు. దానికి తోడు ఆ కాగితం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. 2023 జూన్‌లో అమ్మారనే మాట మీ ఫోన్‌పే లెక్కలోనే రుజువవుతుంది, దాన్ని ఎవరూ కాదనడం లేదు. నిజమైన అగ్రిమెంటు ఉన్నా ఆర్‌సీ పేరు మారనంత కాలం బాధ్యత పోదని పైనే చెప్పాను. లేని కాగితాన్ని పుట్టించి జైలు ముప్పు తెచ్చుకోవడానికి ఇందులో ప్రయోజనమే కనబడదు.

ముందు పాలసీ వెతకండి. ఇంట్లో షోరూం కవరు, 2019 నాటి ఈమెయిళ్లు చూడండి. దొరకకపోతే షోరూంకు వెళ్లి చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఇచ్చి పాలసీ నంబరు అడగండి. బండి రిజిస్టరు చేసినప్పుడు ఇన్సూరెన్సు వివరాలు చూపవలసిందే కనుక, రవాణా కార్యాలయం నుంచి బి-రిజిస్టర్ ఎక్‌స్ట్రాక్ట్‌కు (బండి రిజిస్ట్రేషన్ వివరాల నకలుకు) దరఖాస్తు చేయండి; ట్రిబ్యునల్‌లో సాక్ష్యంగా అది బాగా పనికివస్తుంది. కంపెనీ పేరు తెలియగానే, దాన్ని ప్రతివాదిగా చేర్చమని ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయించండి. ఇది ఆలస్యం చేయకూడదు. సెక్షన్ 150(2) ప్రకారం కేసు సంగతి ట్రిబ్యునల్ ద్వారా కంపెనీకి తెలియాలి; అది తెలియకుండా అవార్డు (ట్రిబ్యునల్ తీర్పు) వస్తే చెల్లించమని కంపెనీని అడగడం కష్టం. అదే పిటిషన్‌లో కొన్న వ్యక్తిని కూడా చేర్చమని కోరండి. బండి ఎవరి స్వాధీనంలో ఉంది, కుర్రాడికి ఎవరు ఇచ్చారు అన్నవి రికార్డులోకి రావాలంటే అతను అక్కడ ఉండాలి.

వాయిదాకు ఎవరూ వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ అవార్డు, అంటే మీ మాట వినకుండానే తీర్పు, వస్తుంది. దాన్ని కొట్టేయించుకోవడానికి ముప్పై రోజులు, హైకోర్టుకు అప్పీలుకు తొంభై రోజులు గడువు. అప్పీలు వేయాలన్నా సెక్షన్ 173 కింద ఇరవై అయిదు వేలు గానీ, అవార్డులో సగం గానీ, ఏది తక్కువైతే అది ముందు డిపాజిట్ చేయాలి. ఆ దాకా తెచ్చుకోకండి.

కంపెనీ వచ్చాక మొదట లేవనెత్తేది కుర్రాడి లైసెన్సు. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, అడిగి తెలుసుకోండి. గేరు లేని స్కూటరుకు, గేరు ఉన్న మోటారు సైకిలుకు లైసెన్సు వర్గాలు వేరు; మొదటిది మాత్రమే ఉన్న కుర్రాడు క్లాసిక్ 350 ఎక్కితే కంపెనీ షరతు ఉల్లంఘన అంటుంది. బాధితుడికి ముందు కంపెనీ చేత ఇప్పించి, తర్వాత ఆ సొమ్మును మీ నుంచి రాబట్టుకోమని ట్రిబ్యునల్ చెప్పే ప్రమాదం ఇక్కడే ఉంది. 2004 నాటి స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, లైసెన్సు లేదని చూపితే చాలదు; పాలసీదారు తెలిసి గానీ, తగిన జాగ్రత్త తీసుకోకగానీ అలా జరగనిచ్చాడని కంపెనీ రుజువు చేయాలి. ప్రమాదం నాటికి పద్నాలుగు నెలలుగా బండి మీ చేతిలో లేదనీ, ఆ కుర్రాడు ఎవరో మీకు తెలియదనీ, అందుకే సాక్ష్యంతో చూపాలి. మీ అమ్మకం కథకు ఈ కేసులో నిజమైన ఉపయోగం ఇదొక్కటే. బండికి సైలెన్సరు మార్చారా, రంగు మార్చారా అని కూడా కంపెనీ అడగవచ్చు. బుల్లెట్ కొన్నవాళ్లలో సైలెన్సరు జోలికి పోనివారు నాకు తక్కువగా కనబడ్డారు. బాధితుడి పరిహారం విషయంలో కంపెనీకి అనుమతించిన వాదనలు చట్టంలో పరిమితం, సైలెన్సరు వాటిలో లేదు.

మీ మిత్రుడు చెప్పిన ఆరు నెలల సంగతిలో సగం నిజముంది. సెక్షన్ 166(3) ఆ గడువును తిరిగి తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆగస్టు 11న జరిగిన ప్రమాదానికి మార్చిలో వేసిన క్లెయిమ్ గడువు దాటినదే. ట్రిబ్యునల్‌లో వేసే మీ రాతపూర్వక జవాబులో (కౌంటరులో) ఆ అభ్యంతరం తీసుకోండి. అయితే ఆ గడువు రాజ్యాంగబద్ధతే సుప్రీంకోర్టులో సవాలుకు గురైంది కనుక, కాలు పోయిన మనిషి కేసును దాని మీద కొట్టేస్తారని నమ్మి తక్కిన పనులు మానుకోకండి.

ఏదైనా మొత్తం మీరు చెల్లించవలసి వస్తే, కొన్న వ్యక్తి మీద సివిల్ కోర్టులో వసూలు దావా వేయవచ్చు. చెల్లించిన తేదీ నుంచి మూడేళ్లు గడువు. అందుకు కావలసిన సాక్ష్యం ఇప్పుడు మీ ఫోనులో ఉంది. బ్యాంకు నుంచి 2023 జూన్ స్టేట్‌మెంట్ తీయించండి. వాట్సాప్‌లో పేరు మార్పించుకో అని అడిగిన సందేశాలు, అతని జవాబులు చెరపకండి, ఫోను అమ్మకండి, మార్చుకోకండి. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. అది మీ న్యాయవాది తయారు చేయిస్తారు.

చివరగా, స్టేషన్‌లో ఉన్న బండిని విడిపించుకోవడానికి ఆర్‌సీ యజమానిగా సంతకం పెట్టమని కొన్నవాడు త్వరలో మీ దగ్గరికి వస్తాడు. 2024 అక్టోబరుతో ఆ థర్డ్ పార్టీ పాలసీ కూడా ముగిసింది. అతను కొత్త పాలసీ తీసుకుని, పేరు మార్పు దరఖాస్తు రశీదు, పాలసీ ప్రతి రెండూ మీ చేతిలో పెట్టేదాకా ఏ కాగితం మీదా సంతకం చేయకండి. ఈలోగా అమ్మకం వివరాలతో ఫారం 29ను మీరే రవాణా కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేసిన ప్రతిని తెచ్చుకోండి.