బెంచీ డిజైన్ కోసం సివిల్ వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. పార్కుల్లో, రోడ్ల పక్కన వేసే కాంక్రీట్ బెంచీల డిజైన్ మీద మనసు పడింది. సివిల్ పక్కన పెట్టి ప్రొడక్ట్ డిజైన్‌లో పీజీ చేస్తానంటోంది. మంచిదేనా?

జవాబు: సివిల్‌ను పక్కన పెట్టొద్దు, ఆమె బలమే అది. అందంగా బొమ్మ గీసేవాళ్లు బోలెడంతమంది. ఆ బెంచీ ఎక్కడ పగులుతుందో గీసేటప్పుడే పసిగట్టేవాళ్లు తక్కువ.

ముందు కాంక్రీట్ మన్నిక మీద పట్టు సాధించమనండి. మంచు కురిసేచోట రంధ్రాల్లోని నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి చోటివ్వడానికే మిక్స్‌లో 5-7 శాతం సన్నటి గాలి బుడగలు ఉండేలా అడ్మిక్చర్ అనే రసాయనం కలుపుతారు. సముద్రతీరంలో జబ్బు వేరు. ఉప్పు లోపలికి దిగి కాంక్రీట్‌లోని ఇనుప ఊచలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పెచ్చులు ఊడతాయి. అందుకే నీరు-సిమెంట్ నిష్పత్తి (సిమెంట్ బరువుకు నీరు ఎన్నో వంతు) 0.40 దగ్గర, కవర్ (ఊచ మీద ఉండే కాంక్రీట్ మందం) 50 మి.మీ. ఉంచుతారు.

చిక్కు ఇక్కడే. 80 మి.మీ. పలకలో రెండువైపులా 50 మి.మీ. కవర్ పట్టదు. తుప్పు పట్టని గ్లాస్ ఫైబర్ ఊచలు వాడాలా, మందం పెంచాలా? 1.8 మీటర్ల పొడవు, 450 మి.మీ. వెడల్పు పలకకు మందం పెంచే ప్రతి 20 మి.మీ.కీ సుమారు 39 కిలోల బరువు పెరుగుతుంది. అప్పుడు ఎత్తే హుక్కుల లెక్క కూడా మారుతుంది. డిజైనర్ అసలు పని ఇదీ.

చిన్న వివరాలే బెంచీని కాపాడతాయి. నీరు నిలవకుండా కూర్చునే తలానికి 50కి 1 వాలు ఇవ్వాలి. ముందు అంచు అడుగున 10 మి.మీ. గాడి లేకపోతే నీరు కిందివైపు పాకి కాళ్ల అతుకుల్లోకి చేరుతుంది. మూలలు పదునుగా వదిలితే మౌల్డు విప్పేటప్పుడే విరుగుతాయి.

ఈ సెలవుల్లో 600×300×60 మి.మీ. పలకలు రెండు పోయమనండి, ఒక్కోటి 26 కిలోలు తూగుతుంది. ఒకటి 0.40 నిష్పత్తితో, నీరు పెంచకుండానే మిక్స్‌ను జారేలా చేసే సూపర్‌ప్లాస్టిసైజర్ వేసి. రెండోది 0.60తో, ఎందుకంటే సైటులో జారుడు కోసం నీళ్లు గుమ్మరిస్తే జరిగేది అదే. ఏడు రోజులు తడిగా ఉంచి క్యూరింగ్ చేసి, బాగా ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచాలి. ఏది ఎంత నీరు తాగిందో ఆ అంకెలే పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ. కంప్యూటర్‌లో చేసే రంగుల బొమ్మలు (రెండర్లు) తర్వాత.

ఇంటర్న్‌షిప్‌కి ప్రీకాస్ట్ యూనిట్ (కాంక్రీట్ వస్తువులను ముందే మౌల్డుల్లో పోసి తయారుచేసే చోటు) చూసుకోవాలి. అక్కడ కంప్యూటర్ గదిలో కాక మౌల్డుల దగ్గర పని అడగాలి. అలా ఓ ఏడాది చేశాక కూడా పీజీ కావాలనిపిస్తే నిశ్చింతగా పంపండి.