హిప్నాటిజంతో సిగరెట్ మానొచ్చా? నాకు పనికొచ్చింది ఎంతవరకంటే

మీరు రెండు విషయాలు అడిగారు. హిప్నాటిజం చేయించుకుంటే సిగరెట్ నిజంగా మానగలమా, ఒక్క సిట్టింగ్‌లో గ్యారంటీ అనేవాళ్ళని నమ్మొచ్చా అనేది ఒకటి. నలభై దాటాక, ఇరవై ఏళ్ళ అలవాటు తర్వాత మానినా ఒరిగేదేముంది అనేది రెండోది. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేస్తాను. నాదీ అంతకాలం అలవాటే. హిప్నోథెరపీ, అంటే హిప్నాటిజంతో చేసే చికిత్స, చేయించుకున్నాను, ఇప్పుడు తాగడం లేదు. అయితే ఆ ఒక్కదానివల్లే మానేశానని మాత్రం చెప్పను. అది చేసే పని ఒకటుంది, దాని చేతిలో లేని పని ఇంకొకటుంది.

ఇది అర్థం కావాలంటే ముందు భవానీ దీక్ష గురించి చెప్పాలి. మన బెజవాడలో చూడనివాళ్ళుండరు. రోజుకో పెట్టె కాల్చే మనిషి కూడా మెడలో మాల పడగానే మండలం రోజులు, అంటే 41 రోజులు, సిగరెట్ ముట్టడు. నేనూ అలాగే ఉండేవాణ్ణి. కొండ మీద ఇరుముడి సమర్పించి, మాల తీసి వచ్చి, మళ్ళీ షాపు పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, చెయ్యి జేబులోకి పోయేది. నికోటిన్ కోసం ఒంట్లో లేచే ఆరాటం మానిన రెండుమూడు రోజులకి బాగా ముదురుతుంది, తర్వాత మూడునాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. అంటే మాల తీసేనాటికి ఒళ్ళు పెద్దగా అడగడం లేదన్నమాట. కానీ టీ గ్లాసు అదే, కొట్టు అదే, పక్కన నిలబడే మనిషి అతనే, బడ్డీకి తాడుతో కట్టి వేలాడదీసిన లైటర్ కూడా అదే. దీక్షలో ఉన్నన్నాళ్ళూ అందరూ "భవానీ" అని పిలుస్తారు, ఎవరూ సిగరెట్ చేతికివ్వరు, నేను తాగే మనిషిని కాదని నా మనసుకీ గట్టిగా తెలుసు. మాలతోపాటు ఆ గట్టితనమూ పోయేది. హిప్నోథెరపీ నాకు ఉపయోగపడింది సరిగ్గా అక్కడే.

హిప్నాటిజం అంటే మన తరానికి పట్టాభిరామ్ గారి షోలు గుర్తొస్తాయి. క్లినిక్‌లో జరిగేది వేరు. నేను వెళ్ళింది ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరకి. మొదటి రోజు ఆవిడ కళ్ళే మూయించలేదు. ఏ సిగరెట్ ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో ఉండగా వెలిగిస్తున్నానో కొన్నాళ్ళపాటు రాసుకురమ్మన్నారు. రాస్తే తేలిందేమిటంటే, నిజంగా ఒళ్ళు కోరి తాగేవి పొద్దున లేవగానే ఒకటి, భోజనమయ్యాక ఒకటి. మిగతావన్నీ పార్టీతో బేరం తెగనప్పుడు, లోడు లేటయి ఎదురుచూసేటప్పుడు, ఎవరైనా "దా బావా, టీ తాగొద్దాం" అన్నప్పుడు.

తర్వాత వెళ్ళినప్పుడు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకోమన్నారు. ఊపిరి మీద ధ్యాస పెట్టించి, దవడ, భుజాలు, చేతులు ఒక్కొక్కటే వదులు చేయించారు. మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమని అంకెలు లెక్కపెట్టారు. నిద్రపోలేదు. బయట ఏలూరు రోడ్డు మీద బస్సుల హారన్లు వినపడుతూనే ఉన్నాయి. కావాలంటే లేచి వెళ్ళిపోగలను కూడా. అప్పుడు ఆవిడ నన్ను టీ కొట్టు దగ్గర నిలబెట్టారు: గ్లాసు వేడి వేళ్ళకి తగులుతోంది, పక్కనాయన పెట్టె తెరిచి ముందుకు చాపాడు, పొగ వాసన వస్తోంది. ఆ క్షణంలో బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కి, నిదానంగా ఊపిరి వదిలి, "నాకొద్దు" అని మళ్ళీ మాటల్లో పడ్డట్టు ఊహించుకోమన్నారు. అదే దృశ్యం పదేపదే చేయించారు. దాంతోపాటు మూడు మాటలు చెప్పించారు: పొగ నా ఒంటికి విషం. బతకాలంటే నాకు ఈ ఒళ్ళు కావాలి. దీన్ని గౌరవంగా కాపాడుకోవాల్సింది నేనే. ఇవి న్యూయార్క్ సైకియాట్రిస్ట్ హెర్బర్ట్ స్పీగెల్ 1970లో ప్రచురించిన పద్ధతిలోవి. ఆ సెషన్ ఫోన్‌లో రికార్డు చేసుకోనిచ్చారు. రాత్రి పడుకునేముందు వింటూ ఇంట్లో నేనే సాధన చేసేవాణ్ణి. నా నమ్మకం ఏమిటంటే, క్లినిక్‌లో జరిగినదానికంటే ఈ ఇంటి సాధనే ఎక్కువ పనిచేసింది. సిగరెట్ కావాలన్న తహతహ ఎంత గట్టిగా లేచినా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు దాటించే పని చేతికి ముందే అలవాటైపోయింది.

ఇక గ్యారంటీ సంగతి. హిప్నోథెరపీ మీద జరిగిన 14 అధ్యయనాలను కలిపి కోక్రేన్ సంస్థ 2019లో సమీక్షించింది. మామూలు కౌన్సెలింగ్ కంటే, తనంతట తాను మానడం కంటే ఇది మెరుగని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. పనికిరాదని నిరూపణ అయిందని కాదు, పనికొస్తుందని నిరూపణ కాలేదు. కాబట్టి ఒక్క సిట్టింగ్‌లో మాన్పిస్తానని, డబ్బు మొత్తం ముందే కట్టమని అనేవాళ్ళ దగ్గరకి దయచేసి వెళ్ళకండి. అక్కడ ఫలితం రాకపోతే మనిషి "ఇక నావల్ల కాదు" అని పూర్తిగా చేతులెత్తేస్తాడు, నాకు బాధ కలిగించేది అదే.

గట్టి ఆధారమున్నవి నికోటిన్ గమ్, ప్యాచ్, డాక్టర్ రాసే వారెనిక్లిన్, బుప్రోపియాన్ మందులు, వాటితోపాటు కౌన్సెలింగ్. లేవగానే వెలిగించే సిగరెట్ విషయంలో నాకు వేళ్ళు నొక్కడం చాలలేదు, డాక్టరుగారిని అడిగి గమ్ వాడాను. 2 మిల్లీగ్రాముల గమ్ మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు నమిలేస్తే ఎక్కిళ్ళు, గుండెల్లో మంట వస్తాయి. కాస్త నమిలి, ఘాటు తగలగానే చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. టీ, కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ సరిగా ఒంటికెక్కదు, పావుగంట ఆగాలి.

టీ గురించి ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. పొగ తాగేవాళ్ళ కాలేయం కెఫీన్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. మానగానే ఆ వేగం తగ్గుతుంది. ఎప్పటిలాగే టీలు తాగితే మునుపటికంటే చాలా ఎక్కువ కెఫీన్ ఒంట్లో నిలిచిపోతుంది. గుండె దడ, నిద్రపట్టకపోవడం, టెన్షన్ వస్తాయి, అదంతా సిగరెట్ మానడంవల్లేనని మళ్ళీ వెలిగిస్తారు. టీలు సగానికి తగ్గించండి. కొన్ని మానసిక జబ్బుల మందులకీ ఇదే వర్తిస్తుంది కాబట్టి అవి వాడేవాళ్ళు మానేముందు డాక్టరుకి చెప్పాలి. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనపడే, వినపడే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళు సైకియాట్రిస్ట్‌ని అడగకుండా హిప్నోథెరపీకి అసలు వెళ్ళకూడదు.

మీ రెండో ప్రశ్నకి జవాబు: చాలా ఒరుగుతుంది, నలభైల్లో మరీను. బ్రిటన్‌లో డాక్టర్లనే 1951 నుంచి 50 ఏళ్ళపాటు గమనించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో లెక్క చెప్పింది. తాగుతూనే ఉన్నవాళ్ళతో పోలిస్తే 40 ఏళ్ళకి మానినవాళ్ళకి సుమారు 9 ఏళ్ళ ఆయుష్షు కలిసొచ్చింది, 50కి మానితే 6, 60కి మానినా 3. ఆఖరి సిగరెట్ ఆర్పిన 20 నిమిషాలకే గుండె వేగం దిగడం మొదలవుతుంది. రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమించే కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో మామూలు స్థాయికొస్తుంది. ఏడాదికి, పొగవల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సగానికి పడిపోతుంది. పదేళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు తాగేవాళ్ళలో సగం అవుతుంది.

నాకు కళ్ళకి కనపడ్డవి వేరే. ముందు దగ్గు ఎక్కువైంది. పొగకి మొద్దుబారిన శ్వాసనాళాల్లోని సన్నటి వెంట్రుకలు మళ్ళీ కదిలి కఫాన్ని పైకి నెడతాయని, అందుకు కంగారుపడొద్దని డాక్టరుగారు అన్నారు. కఫంలో రక్తం కనపడినా, దగ్గు వారాల తరబడి తగ్గకపోయినా వెంటనే రమ్మని కూడా అన్నారు. తర్వాత ఎప్పుడూ తినే గోంగూర పచ్చడే నాలిక్కి కారంగా తగలడం మొదలైంది, ఇంట్లో అడిగితే అదే కారం వేశామన్నారు. ఇంద్రకీలాద్రి మెట్లు మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగకుండా ఎక్కగలుగుతున్నాను. బరువు కొంత పెరిగింది. మొదటి ఏడాదిలో సగటున 4, 5 కిలోలు పెరగడం మామూలే, గుండెకి కలిగే మేలు ముందు అది లెక్కలోది కాదు.

సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని ఒక నంబరుంటుంది. ప్రభుత్వ టోల్‌ఫ్రీ క్విట్‌లైన్, కౌన్సెలింగ్‌కి పైసా ఖర్చుండదు. ముందు అక్కడ మొదలుపెట్టండి. హిప్నోథెరపీ కూడా కావాలనిపిస్తే అపాయింట్‌మెంట్ తీసుకునేముందే ఫోన్లో అడగండి: వారికి ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా లేక వారు సైకియాట్రిస్టా, ఇంట్లో సాధన నేర్పుతారా, గమ్ గానీ మందులు గానీ వాడుతూ రావచ్చా అని. మూడో ప్రశ్నకి "అవన్నీ మానేసి రండి" అన్నారంటే అక్కడికి వెళ్ళొద్దు.