ముందు ఇంజిన్‌ఎక్స్, వెనక అపాచీ: ఫైళ్ల సైటు నడిపే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. సాయంత్రమయ్యేసరికి సైటు నత్తనడక నడుస్తోంది, ర్యామ్ పెంచమంటావా అని అడిగావు. కొనకు. ముందు ఈ లెక్క చూడు.

నీ వెబ్ సర్వర్ అపాచీ ప్రీఫోర్క్ పద్ధతిలో నడుస్తోంది, సైటు స్క్రిప్టును నడిపే పీహెచ్‌పీ దాని కడుపులోనే ఉంది. అంటే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్. ఒక్కోటి నికరంగా 40 ఎంబీ తింటే 200 ప్రాసెస్‌లకే 8 జీబీ ఐపోతుంది. ఎవరో 700 ఎంబీ ఫైలును సెకనుకు 1 మెగాబిట్ లైన్ మీద దింపుకుంటున్నారనుకో, గంటన్నర పైనే పడుతుంది. అంతసేపూ ఆ ప్రాసెస్ పీహెచ్‌పీ మొత్తాన్ని మోసుకుంటూ బైట్లు తోస్తూ కూర్చుంటుంది. అలాంటివాళ్లు 200 మంది చేరితే లాగిన్ పేజీ అడిగినవాడు కూడా వరసలో నిలబడాల్సిందే. సీపీయూ మాత్రం గోళ్లు గిల్లుకుంటూ ఉంటుంది.

ఇగోర్ సిసోయెవ్ 2004లో బయటికి వదిలిన ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సరిగ్గా ఈ చిక్కు కోసమే పుట్టింది. ఒక్క వర్కర్ ప్రాసెస్ వేల కనెక్షన్లను చూసుకుంటుంది. ఐతే ఒక మాట. కొత్తగా మొదలుపెట్టేవాడికి రెండు సర్వర్లు అక్కర్లేదు. ఇంజిన్‌ఎక్స్, పీహెచ్‌పీని విడిగా నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం చాలు. నీది పాత స్క్రిప్టు, అడ్రసులు మళ్లించే రీరైట్ రూల్స్ అన్నీ అపాచీ చదివే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లలో ఉన్నాయి కాబట్టి అపాచీని వెనక ఉంచమంటున్నాను. రేషన్ షాపులో కార్డు చూసేవాడు ఒకడు, బియ్యం కొలిచేవాడు ఇంకొకడు ఉన్నట్టు, ఎవరికి ఇవ్వాలో అపాచీ తేల్చాలి, ఇచ్చే పని ఇంజిన్‌ఎక్స్ చెయ్యాలి. జనం దింపుకునే పెద్ద ఫైలు బైటు ఒక్కటి కూడా అపాచీ గుండా పోకూడదు.

పోర్టులు మార్చడం పది నిమిషాల పని. అపాచీ లిజన్ లైన్‌ను 127.0.0.1:8080కి మార్చు, వర్చువల్ హోస్టుల్లోనూ 8080 పెట్టు. ఉత్త 8080 అని రాస్తే బయటివాళ్లు ఇంజిన్‌ఎక్స్‌ని తప్పించుకుని నేరుగా అపాచీ దగ్గరికి వస్తారు. 80, 443 ఇంజిన్‌ఎక్స్‌వి, పేజీలు అడిగినవాళ్లని అది లోపల 8080కి పంపుతుంది. అది లేవకుండా అడ్రస్ వాడుకలో ఉందని మొరాయిస్తే, అపాచీ ఇంకా 80ని వదల్లేదన్నమాట. రెడ్‌హ్యాట్ జాతి లినక్స్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా 502 (వెనక సర్వర్ అందలేదన్న ఎర్రర్) వస్తే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా కాపలాని అనుమానించు. అందులో హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ అనే స్విచ్ ఆన్ చెయ్యాలి. అపాచీలో ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల హద్దు మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్‌ని 30కి దించు, పని అయ్యాక కూడా కనెక్షన్ పట్టుకుని ఉండే కీప్‌అలైవ్ ఆపెయ్యి.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అప్పుడేమవుతుందంటే, పీహెచ్‌పీ తన రీడ్‌ఫైల్ ఫంక్షన్‌తో ఫైలు పంపుతూనే ఉంటుంది, ఇంజిన్‌ఎక్స్ దాన్ని తాత్కాలిక ఫైలుగా డిస్క్ మీద దాస్తూ ఉంటుంది. ఒక్కో డౌన్‌లోడ్‌కి 1024 ఎంబీ దాకా దాచడం దాని అలవాటు. రాత్రికి డిస్క్ నిండుతుంది.

మందు ఎక్స్-ఆక్సెల్-రీడైరెక్ట్ అనే హెడర్, అంటే పీహెచ్‌పీ తన జవాబుతో పాటు ఇంజిన్‌ఎక్స్‌కి ఇచ్చే చీటీ. ఫైళ్లను వెబ్ రూట్ బయట, /డేటా/ఫైళ్లు/ లాంటి చోట పెట్టు. ఇంజిన్‌ఎక్స్‌లో /దాపు/ అని ఒక లొకేషన్ రాసి, లోపల ఇంటర్నల్ (బయటివాళ్లు నేరుగా అడగలేరు) అన్న మాట, కింద ఏలియాస్‌గా, అంటే డిస్క్ మీది అసలు దారిగా, /డేటా/ఫైళ్లు/ ఇవ్వు. పీహెచ్‌పీ లాగిన్, గడువు, కోటా చూసుకుని, ఎక్స్-ఆక్సెల్-రీడైరెక్ట్‌లో /దాపు/41/41873 అని పెట్టి ఎగ్జిట్ ఐపోతుంది. అపాచీ ప్రాసెస్‌కి అక్కడితో విడుదల. ఏలియాస్ చివర గీత మరిచిపోతే ఇంజిన్‌ఎక్స్ /డేటా/ఫైళ్లు41/41873 కోసం వెతికి 404 ఇస్తుంది. ఏలియాస్ బదులు రూట్ రాస్తే /డేటా/ఫైళ్లు/దాపు/41/41873 కోసం వెతుకుతుంది. రెండింటికీ ఎర్రర్ లాగ్‌లో పూర్తి దారి కనబడుతుంది, ఊహించుకుంటూ కూర్చోకుండా అది చదువు. 403 ఐతే ఇంజిన్‌ఎక్స్ యూజర్‌కి ఆ దారిలోని ఏదో ఒక ఫోల్డర్‌లోకి వెళ్లే హక్కు లేదన్నమాట.

ఫైలు రకం చెప్పే కంటెంట్-టైప్ హెడర్ నువ్వే పెట్టు. పెట్టకపోతే పీహెచ్‌పీ దాన్ని హెచ్‌టీఎంఎల్ అంటుంది, ఇంజిన్‌ఎక్స్ ఆ మాటే ఉంచేస్తుంది. సైజు మాత్రం చెప్పకు, అది ఫైలు చూసి తనే తెలుసుకుంటుంది. సగంలో ఆగిన డౌన్‌లోడ్ అక్కణ్ణుంచే అందుకోవడం కూడా ఇంజిన్‌ఎక్సే చూసుకుంటుంది. రీడ్‌ఫైల్‌తో అది అయ్యేది కాదు.

ఫైళ్ల పేర్లు. మనవాళ్లు తెలుగులో పేర్లు పెడతారు, పెట్టాలి కూడా. కానీ డిస్క్ మీద ఆ పేరుతో దాచకు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతమూ వత్తూ విడివిడిగా లెక్క. "స్త్రీ" అనే ఒక్క ముక్కే 18 బైట్లు. ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో పేరుకి హద్దు 255 బైట్లు, అంటే 85 గుర్తులకే సరి. పైగా ఎక్స్-ఆక్సెల్-రీడైరెక్ట్‌లో ఇచ్చే దారిని ఇంజిన్‌ఎక్స్ డీకోడ్ చేస్తుంది, పేరులో శాతం గుర్తు ఉంటే దారి తప్పుతుంది. డిస్క్ మీద నంబరు, డేటాబేస్‌లో అసలు పేరు, పంపేటప్పుడు కంటెంట్-డిస్పొజిషన్‌లో నక్షత్రం ఉన్న ఫైల్‌నేమ్ రూపంలో యూటీఎఫ్-8 పేరు. అంతే.

అప్‌లోడ్ దగ్గర నాలుగు తలుపులుంటాయి. ఇంజిన్‌ఎక్స్ క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ ముట్టుకోకపోతే 1 ఎంబీ, దాటితే 413 ఎర్రర్. పీహెచ్‌పీలో అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ 2 ఎంబీ, పోస్ట్_మ్యాక్స్_సైజ్ 8 ఎంబీ. ఈ చివరిది దాటితే ఫారమ్ ఖాళీగా వచ్చినట్టు ఉంటుంది, పేజీలో ఎర్రర్ ఏదీ చూపించకపోవచ్చు. 2 జీబీ ఫైళ్లు తీసుకోవాలంటే ఈ మూడింటికీ వరసగా 2100, 2048, 2080 ఎంబీ పెట్టు. నాలుగోది అపాచీ లిమిట్‌రిక్వెస్ట్‌బాడీ, 2.4.54 నుంచి ముట్టుకోకపోతే 1 జీబీ, దాన్ని బైట్లలో 2202009600 చెయ్యి. ఇంజిన్‌ఎక్స్ ఫైలంతా తన దగ్గర చేర్చుకున్నాకే అపాచీకి ఇస్తుంది, పీహెచ్‌పీ మళ్లీ తన తాత్కాలిక ఫోల్డర్‌లో రాస్తుంది. పది మంది 2 జీబీ చొప్పున ఒకేసారి ఎక్కిస్తే 40 జీబీ కావాలి. రెండు తాత్కాలిక ఫోల్డర్లనూ ఫైళ్లున్న పార్టిషన్‌లోనే పెట్టు. అప్పుడు చివర్లో ఫైలును చోటుకి చేర్చడం ఉత్త పేరు మార్పు, కాపీ ఉండదు. ఇలా ముందే చేర్చుకునే ప్రాక్సీ_రిక్వెస్ట్_బఫరింగ్ ఆపమని ఎవరైనా చెబితే వినకు. నెమ్మది లైన్ మీద ఎక్కించేవాడు మళ్లీ అపాచీని పట్టుకుని కూర్చుంటాడు. నష్టం ఒక్కటే, పీహెచ్‌పీతో రాసిన ప్రోగ్రెస్ బార్ పనిచెయ్యదు. దాన్ని బ్రౌజర్ వైపు జావాస్క్రిప్ట్‌తో చేసుకో.

అన్నిటికంటే ప్రమాదం చెబుతా విను. ఇంజిన్‌ఎక్స్ డాట్ హెచ్‌టీయాక్సెస్‌ని చదవదు. అపాచీలో దానితో తాళం వేసిన ఫోల్డర్‌ని ఇంజిన్‌ఎక్స్ నేరుగా ఇచ్చేలా రాస్తే తాళం ఊడినట్టే. మార్చే ముందు ఆ ఫైళ్లన్నీ వెతికి, అడ్డుకునే రూల్స్‌ని ఇంజిన్‌ఎక్స్‌లోకి దించు.

అపాచీ లాగ్‌లో అందరూ 127.0.0.1గా కనబడతారు. అసలు ఐపీని చూపించే మాడ్_రిమోట్ఐపీ ఎక్కించి, 127.0.0.1ని మాత్రమే నమ్మమను. అందర్నీ నమ్మితే ఎవడైనా దొంగ ఐపీ పంపగలడు. హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించే రూల్ అపాచీలో ఉంటే పేజీ తన చుట్టూ తానే తిరుగుతుంది, అపాచీకి వచ్చేది ఎప్పుడూ హెచ్‌టీటీపీయే కదా. మళ్లింపు ఇంజిన్‌ఎక్స్‌కి వదిలెయ్యి.

వేగానికి కళ్లెం వేసే లిమిట్_రేట్ ఒక్కో రిక్వెస్టుకి లెక్క, మనిషికి కాదు. డౌన్‌లోడ్ మేనేజర్ ఎనిమిది కనెక్షన్లు తెరిస్తే ఎనిమిది రెట్లు. కనెక్షన్ల సంఖ్యకి హద్దు పెట్టే లిమిట్_కన్ కూడా కావాలి, కానీ ఐపీకి 1 అని బిగించకు. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ4 మీద ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, పాపం వాళ్లంతా గేటు దగ్గరే ఆగిపోతారు. లాగిన్ ఐనవాళ్లకి యూజర్ నంబరును బట్టి హద్దు పెట్టడం న్యాయం.

కాన్ఫిగ్ మార్చినప్పుడల్లా ముందు పరీక్ష కమాండ్, తర్వాత రీలోడ్. రీస్టార్ట్ కొడితే నడుస్తున్న డౌన్‌లోడ్లన్నీ తెగుతాయి. రీలోడ్‌లో పాత వర్కర్లు తమ చేతిలోవి పూర్తిచేసి పోతాయి, గంటలకొద్దీ ప్రాసెస్ జాబితాలో కనబడితే కంగారుపడకు.

మార్చిన రాత్రి బయటి మెషిన్ నుంచి మూడు చూడు. 8080 తెరుచుకోకూడదు. /దాపు/41/41873 నేరుగా అడిగితే 404 రావాలి. డౌన్‌లోడ్‌ని సగంలో ఆపి మళ్లీ అందుకుంటే 206 (మిగతా ముక్క మాత్రమే) రావాలి. మూడోదానికి 200 (మళ్లీ మొత్తం ఫైలు) వస్తే ఏదో ఒక పాత లింకు ఇంకా రీడ్‌ఫైల్ గుండానే పోతోంది. స్క్రిప్టులో ఆ పేరుతో వెతుకు, థంబ్‌నెయిల్ కోడ్‌లో కూడా.

ఇట్లు,
బాబాయి