ఆవుల ల్యుకేమియా వైరస్ మా అబ్బాయికి అంటుకుంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి పశువైద్యం చదివి ఏడాదిగా అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక డైరీ ఫారంలో పనిచేస్తున్నాడు. అక్కడి ఆవుల్లో చాలావాటికి ‘ల్యుకేమియా వైరస్’ ఉందని, అయినా మామూలుగానే పాలిస్తున్నాయని ఫోన్‌లో చెప్పాడు. రోజూ సూదులతో, రక్తంతో పని. అప్పుడప్పుడు పచ్చిపాలే తాగేస్తాడట. వాడికి బ్లడ్ క్యాన్సర్ వస్తుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. ఈ వైరస్ వల్ల మనుషులకు బ్లడ్ క్యాన్సర్ వస్తుందని ఇంతవరకూ రుజువు కాలేదు. పచ్చిపాలు మాత్రం ఈ రోజే మాన్పించండి.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. 2007లో అమెరికా వ్యవసాయ శాఖ సర్వే చేస్తే నూటికి 83కు పైగా పాడి మందల్లో ఈ వైరస్ జాడ దొరికింది. 1969లో దీన్ని మొదట గుర్తించిన పరిశోధకులు కూడా విస్కాన్సిన్ వాళ్లే.

ఈ వైరస్ పట్టేది ముఖ్యంగా బి-లింఫోసైట్లను, అంటే యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలను. కణం పైపొరలో అమైనో ఆమ్లాలను లోపలికి చేరవేసే ఒక ప్రొటీన్ ఉంటుంది. వైరస్ దాన్నే పట్టుకుని లోపలికి దూరుతుంది. ఆర్ఎన్ఏ రూపంలో ఉన్న తన జన్యు సమాచారాన్ని డీఎన్ఏగా మార్చుకుని ఆవు క్రోమోజోములో అతుక్కుపోతుంది. ఇక కణం రెండయినప్పుడల్లా వైరస్సూ రెండవుతుంది. కొత్త వైరస్‌లను పుట్టించి రక్తంలోకి వదలాల్సిన పని దానికి పెద్దగా లేదు. ఎక్కువకాలం అలికిడి లేకుండా పడి ఉంటుంది. ఆవు ఒంట్లో యాంటీబాడీలు జీవితాంతం ఉన్నా, జన్యువుల్లో కలిసిపోయినదాన్ని అవి ఏం చేయగలవు? అందుకే ఒకసారి సోకితే ఇక పోదు.

సోకిన ఆవుల్లో మూడింట రెండు వంతులు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాయి. దాదాపు మూడో వంతు వాటిలో లింఫోసైట్ల సంఖ్య పెరిగి అలాగే ఉండిపోతుంది. నూటికి ఐదు కంటే తక్కువ ఆవుల్లోనే, అదీ ఏళ్లు గడిచాక, క్యాన్సర్ గడ్డలు వస్తాయి. లింఫు గ్రంథుల్లో, గుండెలో, గర్భసంచిలో, కంటి వెనుక కూడా రావచ్చు. అప్పుడు ఆ ఆవును కాపాడలేం. పశువును కన్నబిడ్డలా చూసుకునేవాళ్లకు అది ఎంత బాధో మన పల్లెల్లో చూసినవాణ్ని.

వైరస్ కణంలోనే ఉంటుంది కాబట్టి, రక్తకణం ఎక్కడికి చేరితే అదీ అక్కడికి చేరుతుంది. ఒక ఆవుకు వాడిన సూది ఇంకో ఆవుకు గుచ్చినా, కొమ్ములు తీసే పరికరం కడగకపోయినా, చూడి చూసే గ్లౌజు మార్చకపోయినా, అంటుకోవడానికి చుక్క కంటే తక్కువ రక్తం చాలు. జోరీగలూ మోస్తాయి. ముర్రుపాల ద్వారా, పాల ద్వారా దూడలకూ అందవచ్చు. డెన్మార్క్, బ్రిటన్ వంటి దేశాలు పరీక్షలు చేసి, సోకిన పశువులను మందలోంచి తీసేసి దీన్ని వదిలించుకున్నాయి.

ఇక మనుషుల సంగతి. దీనికి దగ్గరి చుట్టమైన హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ మనుషుల్లో టి-లింఫోసైట్లనే మరో రకం తెల్ల రక్తకణాలను పట్టి, కొద్దిమందికి ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ తెస్తుంది. కానీ అది వేరే వైరస్, ఆవుల నుంచి రాదు. ఆవుల వైరస్ డీఎన్ఏ కొందరు మహిళల రొమ్ము కణజాలంలో కనిపించిందని 2014లో కాలిఫోర్నియా పరిశోధకులు రాశారు. రొమ్ము క్యాన్సర్ కణాల జన్యుక్రమం మొత్తాన్ని పరిశీలించిన మరో బృందానికి అది దొరకలేదు. కాబట్టి దీని మీద గుండె బాదుకోవద్దు.

పాలు కాచినా, పాశ్చరైజ్ చేసినా ఈ వైరస్ చచ్చిపోతుంది. పచ్చిపాలు వద్దనడానికి అసలు కారణం వేరే: బ్రుసెల్లోసిస్ అనే జ్వరం, క్షయ వంటివి వాటి ద్వారా మనిషికి నిజంగానే వస్తాయి. సూది గుచ్చుకుంటే వెంటనే ధారగా పారే నీటిలో సబ్బుతో కడుక్కుని, ఫారంలో చెప్పి డాక్టరును కలవమనండి. జ్వరం వారం దాటినా, మెడలోనో చంకలోనో గడ్డలు తగిలినా రక్తపరీక్ష చేయించుకోవాలి. తాను పశువుల మధ్య పనిచేస్తున్నానని అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి.