పానా ఎక్కి తొక్కితే నట్టు బిగిసినట్టేనా?

ప్రశ్న: టైరు పంచరైతే నేనే స్టెప్నీ వేసి, పానా మీద నిలబడి మరీ తొక్కి బిగించానండి. ఆదివారం అరకు ఘాట్ ఎక్కాలి, పర్లేదా? - గాజువాక పాఠకుడు

జవాబు: ముందు ఆ తొక్కుడు మానెయ్యండి బాబూ, స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) సాగిపోద్ది, మరలు పోతాయి. చక్రం గాల్లో ఉండగా నట్లన్నీ చేత్తో తిప్పి, పానాతో కొంచెం పట్టించి, జాకీ దించాక ఎదురెదురుగా ఒకటి ఇటు ఒకటి అటు బిగించాలి, పక్కపక్కవే వరసగా బిగిస్తే చక్రం ఓ పక్కకి కూర్చుంటది. చిన్న కార్లలో చాలావాటికి బిగింపు బలం (టార్క్) 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు, మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటది, ఆ బలం కొలిచి బిగించే పానా, అదే టార్క్ రెంచ్‌తో చూపించుకోండి. మన సముద్రగాలికి హబ్ (చక్రం కూర్చునే భాగం) తుప్పు పడతది, చక్రం ఎక్కించేముందు బ్రష్షుతో గీకాలి, మరలకి మాత్రం నూనె రాయకండి. ఓ 80 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చెక్ చేయండి, అంటే ఘాట్ ఎక్కేముందే అన్నమాట.