మల్లెపూల టీ చేదెక్కకుండా

అక్కా, మీ మల్లెపూల గ్రీన్ టీ చేదుగా వస్తోందని, పైగా కారం వాసన కొడుతోందని రాశారు కదా. ఆకు పారేయకండి.

పాల చాయ్‌లా ఆకు వేసి మరిగిస్తే గ్రీన్ టీ చేదెక్కుతుంది. నీళ్లు తెర్లాక స్టవ్ ఆపి నాలుగైదు నిమిషాలు ఆగండి, 75-80 డిగ్రీలకు దిగాలి. గ్లాసుకు చెంచాడు ఆకు చాలు. 2 నిమిషాలకు వడకట్టేయండి. ఆ ఆకులోనే ఇంకోసారి నీళ్లు పోయొచ్చు, నాకైతే ఆ రెండో గ్లాసే ఇష్టం.

ఇక కారం వాసన. టీ ఆకు పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. అసలు మల్లె టీ తయారయ్యేదే అలా: రాత్రి విచ్చుకునే పూలను ఆకుతో కలిపి ఉంచుతారు. మన వరంగల్ ఇళ్లల్లో ఎండాకాలం కొత్త కారం పట్టించి పెట్టుకుంటాం, ఆ డబ్బా పక్కనే టీ ఉంటే మల్లె ఎక్కడ నిలుస్తుంది? హన్మకొండలో మా ఇంట్లోనూ ఒక ప్యాకెట్ అలాగే పాడైంది. ఇప్పుడు చిన్న స్టీలు డబ్బాలో మూత బిగించి పుస్తకాల అరలో పెడుతున్నాను. దేవుడి గదిలో మాత్రం వద్దు, అగరుబత్తి వాసన పడుతుంది.

ఈసారి కాస్త చల్లారాక తాగి చూడండి, పూల వాసన అప్పుడే బాగా తెలుస్తుంది.